చెరువుగట్టు ఓషధులను కాపాడుకొనుట ఎట్లు?

పిల్లల జ్ఞాపకశక్తి కొరకు సరస్వతి ఆకు వాడదలచిన తల్లులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "పచ్చి ఆకు ఎక్కడ దొరుకుతుందండీ వైద్యులుగారూ?" ముప్పది ఏండ్ల క్రితం ఈ ప్రశ్న అడిగిన వారు లేరు. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలలో ఏ చెరువుగట్టు దిగినా, ఏ గెడ్డ ఒడ్డున వంగినా అది చేతికందేది. నేడు బజారులో పొడి కొనుక్కోవలసి వస్తున్నది. అందులో ఉన్నది సరస్వతి ఆకో, నీటిబ్రహ్మియో, మరేదైనా గడ్డియో చెప్పడం నావంటి వానికే కష్టం.

నా చదువు గురుకులంలో సాగినది. మొదటి సంవత్సరం గురువుగారు గ్రంథం ముట్టనిచ్చేవారు కారు. గట్ల వెంట త్రిప్పేవారు. మన శాస్త్రం భూమిని జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడు విధాలుగా చెప్పినది. నీరు నిలిచే పల్లపు నేల ఆనూపం. జ్వరాతిసారాలలో వాడే తుంగముస్తలు, మూత్రకృచ్ఛ్రానికి ఇచ్చే నీరుగొబ్బి విత్తులు, కేశతైలానికి గుంటగలగర, ఇవన్నీ తడినేలను ఆశ్రయించి పెరిగేవే. అటువంటి నేలకు మన ప్రాంతంలో బీల అనీ, తంపర అనీ చక్కని పేర్లున్నవి. కాగితాలలో మాత్రం అది తరచుగా బంజరు.

ఈ ఒక్క మాట ఎంత పని చేయగలదో సోంపేట చూపినది. అక్కడి బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రానికి 2008లో ప్రభుత్వం సుమారు 970 ఎకరాలు కేటాయించినది. ఎందుకూ పనికిరాని నేల అని కాగితాల మాట. అక్కడ వరి పండించేవారు, చేపలు పట్టేవారు, పశువులను మేపేవారు ఒప్పుకోలేదు. పర్యావరణ పరిరక్షణ సంఘంగా ఏర్పడి ఒకవైపు ఊళ్లలో దీక్షలు చేస్తూనే, మరొకవైపు ఢిల్లీలోని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ముందు తమ వాదన వినిపించారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. అదే రోజున అథారిటీ, అది బంజరు కాదు, చిత్తడినేల అని గుర్తించి అనుమతిని రద్దు చేసినది. తరువాత భూ కేటాయింపు కూడా రద్దయినది. ప్రాణాల దాకా రాకముందే ఆ నేల ఏమిటో కాగితం మీద ఉండి ఉంటే ఎంత బాగుండేది అని నేటికీ నాకు అనిపిస్తుంది.

ఈ మాట ఇతరులకు చెప్పే ముందు నా తప్పు నేను ఒప్పుకోవలసి ఉన్నది. గురువుగారు నన్ను త్రిప్పిన ఆ చెరువుగట్టును కొన్నేండ్ల క్రితం గ్రావెల్ పోసి చదును చేస్తుంటే ఒక అధికారి వద్దకు వెళ్లాను. ఆయన మర్యాదగానే అడిగారు: "అక్కడ మందుమొక్కలున్నాయని ఎక్కడ వ్రాసి ఉన్నదండీ?" నలభై ఏండ్లు ఆ గట్టు మీద కోసుకున్న నేను ఒక్క కాగితమైనా చూపలేకపోయాను. నెల తిరిగేసరికి గట్టు లేదు.

వ్రాసుకొనే చోటు చట్టంలోనే ఉన్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీ, పురపాలక సంఘంలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండవలెను. అది స్థానికులను అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయవలెను. 2020 జనవరి నెలాఖరులోగా దేశమంతటా ఈ పని ముగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టినది. గడువుకు భయపడి నింపిన పుస్తకం ఎట్లుంటుందో చెప్పనక్కరలేదు. నేను చూసిన ఒక రిజిస్టరులో చెరువు పేరు క్రింద వేప, రావి, తుమ్మ తప్ప మరేమీ లేవు.

కనుక మహిళా సంఘాలు, యువజన సంఘాలు, విశ్రాంత ఉపాధ్యాయులు ముందుగా మీ పంచాయతీకి వెళ్లి ఆ రిజిస్టరు చూపమని అడగండి. తరువాత ఆకుకూర ఏరే మామ్మలను, పశువుల కాపరులను వెంటబెట్టుకొని వానలు పడిన పిదప ఒకసారి, వేసవిలో ఒకసారి గట్టు చుట్టిరండి. మొక్కను వారు పిలిచే పేరుతోనే వ్రాయండి; సంస్కృత నామం తరువాత చేర్చవచ్చును. ఏ సర్వే నంబరులో ఉన్నది, ఏ నెలలో పూస్తుంది, ఇంట్లో దేనికి వాడతారు అన్నవి తప్పక ఉండవలెను. ఫోటో జత చేసి కమిటీకి ఇచ్చి, రసీదు తీసుకోండి. రసీదు విషయంలో మొహమాటపడకండి. ఒకే మందును నలుగురికి అమ్ముకొనేవారు వచ్చి పుట్టుచోటు అడిగితే మాత్రం చూపకండి. వేళ్లతో సహా తవ్వుకుపోతారు.

పర్యావరణ అనుమతి కావలసిన పెద్ద పరిశ్రమ వస్తే, చాలా వాటికి 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం ముప్పది రోజుల ముందు పత్రికలలో ప్రకటన రావాలి. సభలో గొంతెత్తలేని వారు వ్రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చును. మీ జాబితాను దానికి జతపరచండి. అనుమతి వచ్చిన పిదప హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయడానికి గడువు ముప్పది రోజులే. తగిన కారణం చూపితే మరో అరువది రోజుల వరకు అనుమతించవచ్చును. మన ప్రాంతానికి బెంచి చెన్నైలో ఉన్నది.

ఇక సరస్వతి ఆకు అడిగిన తల్లులకు: గణుపు వద్ద వేరు దిగిన తీగముక్కను తడిమట్టి కుండీలో, కొంచెం నీడపట్టున నాటండి. ఆకులు మాత్రమే గిల్లుకోండి. ఆ తీగముక్క ఏ గట్టు నుండి తెచ్చారో, ఆ గట్టు పేరు ముందుగా మీ జాబితాలో వ్రాయండి.