చక్రాల ఇంట్లో తలనొప్పా?

అమెరికాలో కొందరు పదవీ విరమణ చేశాక ఇల్లు అమ్మేసి, ఆర్‌వీ అనే పెద్ద వాహనంలోనే ఏడాది పొడవునా కాపురం ఉంటారు. మంచం, వంటగది, స్నానాల గది అన్నీ అందులోనే. మీ పిల్లలు అక్కడుంటే సెలవుల్లో మిమ్మల్నీ ఇలాంటి బండిలో తిప్పొచ్చు. హాయిగా వెళ్లిరండి. కానీ ఒక్క జాగ్రత్త మరవొద్దు.

ఆ ఇరుకు చోటులోనే గ్యాస్‌ పొయ్యి, హీటర్‌, పక్కనే జనరేటర్‌ పనిచేస్తుంటాయి. ఇంధనం పూర్తిగా మండకపోతే కార్బన్‌ మోనాక్సైడ్‌ పుడుతుంది. దీనికి రంగు, వాసన ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్‌ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దీంతో మెదడుకు, గుండెకు ఆక్సిజన్‌ చాలదు. నిద్రలోనే ప్రాణం పోవచ్చు.

తలనొప్పి, తల తిరగటం, వికారం, నీరసం వస్తే ప్రయాణ బడలిక అనుకోవద్దు. లోపలున్న వారందరికీ ఒకేసారి వచ్చినా, బయటికెళ్తే తగ్గినా అనుమానించాలి. పల్స్‌ ఆక్సీమీటర్‌ను నమ్ముకోవద్దు. ఈ విషవాయువు పట్టిన హిమోగ్లోబిన్‌నూ అది ఆక్సిజన్‌ ఉన్నదిగానే లెక్కేసి, అంకె బాగానే చూపిస్తుంది. వెంటనే అందరూ బయటికొచ్చి 911కు ఫోన్‌ చేయాలి. ఆసుపత్రిలో ఆక్సిజన్‌ పెడతారు.

• బండి ఎక్కగానే కార్బన్‌ మోనాక్సైడ్‌ అలారం బటన్‌ నొక్కి చూడండి. దాని గడువూ గమనించండి.
• వంట చేసేటప్పుడు కిటికీ తెరవండి.
• చలి కాచుకోవటానికి పొయ్యి వెలిగించొద్దు.
• జనరేటర్‌ ఆపాకే పడుకోండి.