ఊరి చెత్తకు గ్రాంటు ఎవరికి వస్తుంది?

తనిఖీకి వెళ్ళినప్పుడు సభ్యులు తరచు అడుగుతుంటారు: "పాలకేంద్రం పక్కన చెత్తకుప్ప పెరిగింది. ఎత్తించడానికి సంఘానికి గ్రాంటు ఇప్పిస్తారా?" ఆ పని పంచాయతీది. గ్రాంటూ పంచాయతీకే వస్తుంది.

1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 45వ సెక్షను ప్రకారం వీధులు శుభ్రపరచడం, చెత్తకుప్పలు తీయించడం గ్రామ పంచాయతీ విధి. అయితే "తన నిధుల మేరకు" అన్న మాట కూడా అందులో ఉన్నది. డబ్బు లేదనడానికి అదే సాకు. కాని 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతం నిర్దేశించిన పనులకే వాడాలి. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. కనుక పారిశుద్ధ్యం పద్దు క్రింద ఎంత వచ్చినది, దేనికి ఖర్చయినది గ్రామసభలో అడగండి. అర్జీ వ్రాసి ఇవ్వండి, తీర్మానం పుస్తకంలో ఎక్కినదో లేదో కూడా చూసుకోండి. నోటిమాటపై బిల్లు పాసు కాదు.

బండి వచ్చేవరకు ఒక జాగ్రత్త. కుప్పమీద మేసిన గేదె కడుపులో పాలిథిన్ సంచులు ఉండకట్టి నెమరు నిలిచిపోతుంది, పాలు పడిపోతాయి, ఒక్కొక్కసారి పశువే దక్కదు. పేడలో సంచులు కలిస్తే ఎరువూ చెడుతుంది. కూరగాయల తొక్కలను సంచిలో కట్టి పారవేయక విడిగా ఎరువుగుంటలో వేయండి. సంచులు వేరుగా దాచి బండికి ఇవ్వండి.