కోడలికి షుగరు మాత్ర ఎందుకు?

పెండ్లయి రెండు మూడేళ్లు గడిచినా కడుపు పండకపోతే మన పల్లెల్లో ముందుగా కోడలినే వేలెత్తి చూపుతారు. నెలసరి మూడు నెలలకొకసారి వస్తోందనీ, గడ్డం మీద వెంట్రుకలు మొలుస్తున్నాయనీ ఆ బిడ్డ కన్నతల్లికి సైతం చెప్పుకోలేదు. చివరకు డాక్టరమ్మ పరీక్షించి, అండాశయాల్లో నీటి బుడగలున్నాయని మెట్‌ఫార్మిన్ మాత్రలు వ్రాసి ఇస్తుంది. అది షుగరు మాత్ర అని తెలియగానే ఇంట్లో కలవరం. "ఇంత చిన్న వయస్సులో షుగరా?" అంటారు. మాత్రలు గూట్లోనే ఉండిపోతాయి.

ప్రియ సహోదరీలారా, ఈ భయం అక్కరలేదు. 1935లో చికాగో వైద్యులు స్టైన్, లెవెంతాల్ ఈ రుగ్మతను వివరించారు. ఇప్పుడు దీనిని పీసీఓఎస్ అంటారు. బిడ్డలను కనే వయస్సులోని స్త్రీలలో నూటికి 10 నుండి 13 మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ బుడగలు గడ్డలు కావు. ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండపు సంచులు.

మన తిండిలోని చక్కెరను కండరాలకు చేర్చేది ఇన్సులిన్. ఈ స్త్రీలలో చాలామందికి శరీరం ఇన్సులిన్ మాట సరిగా వినదు. అప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. అది అండాశయాలను ప్రేరేపించి మగ హార్మోనులను పెంచుతుంది. అందువలన అండం విడుదల కాదు, నెలసరి తప్పుతుంది. మెట్‌ఫార్మిన్ ఇన్సులిన్ బాగా పనిచేసేలా చేసి, దాని మోతాదును తగ్గిస్తుంది. షుగరు జబ్బుకు 1957 నుండి వాడుకలో ఉన్న ఈ మందును 1994లో వెనిజులా వైద్యులు ఇటువంటి స్త్రీలకు ఇచ్చి చూశారు. ఈ ఒక్క మాత్ర వలన సాధారణంగా రక్తంలో షుగరు మరీ పడిపోదు.

అయితే ఇది సంతానపు మాత్ర కాదు. 2007లో అమెరికాలో 626 మందిపై జరిగిన పరిశోధనలో, క్లోమిఫీన్ వాడినవారిలో నూటికి 22 మందికి పైగా బిడ్డను కనగా, మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడినవారిలో కన్నవారు 7గురే. నేడు సంతానం కొరకు వైద్యులు ముందుగా ఎంచుకొనేది లెట్రోజోల్. నెలసరికీ, బరువుకూ, ముందు ముందు రాగల షుగరు జబ్బును ఆపడానికీ మెట్‌ఫార్మిన్ సాయపడుతుంది.

అన్నం తిన్న తరువాతనే మాత్ర వేసుకోవాలి. మొదట్లో వికారం, విరేచనాలు కలుగవచ్చు; అందుకే కొద్ది మోతాదుతో మొదలుపెడతారు. మూత్రపిండాల జబ్బు ఉంటే ముందే చెప్పాలి. ఏళ్ల తరబడి వాడేవారు బి12 పరీక్ష చేయించుకోవాలి. పొరుగింటి వారి చీటీ చూసి కొనకూడదు. రోజూ నడవడం, తెల్లన్నం తగ్గించడం మానరాదు. బరువు నూటికి 5 వంతులు తగ్గినా మేలు కనబడుతుంది. నెలల తరబడి ముట్టు రాకపోతే ఊరుకోవద్దు. గర్భసంచి పొర మందమై కాన్సరుకు దారితీయవచ్చు.

సంతానలేమికి కారణం భర్తలోనూ ఉండవచ్చు గనుక ఆయన కూడ పరీక్ష చేయించుకోవాలి. హన్నాను ఎత్తిపొడిచినది పెనిన్నా, ఓదార్చినవాడు ఎల్కానా. మన ఇండ్లలో మనం ఎవరివలె ఉన్నాం? సువార్త వ్రాసిన లూకా వైద్యుడే. ప్రార్థించే చేతితోనే మాత్ర అందుకోవడం అవిశ్వాసం కాదు. ఈ నెల స్త్రీల కూడికలో ఈ సంగతి సిగ్గుపడక మాట్లాడుకుందాం. మౌనంగా బాధపడుతున్న బిడ్డ మన ప్రక్కనే కూర్చుని ఉండవచ్చు.