సర్వర్ స్లో అన్నప్పుడు ఏ అంకె చూడాలి?

ప్రతి నెలా ఇరవయ్యో తారీఖు జీఎస్టీ త్రీబీ రిటర్నుకి గడువు. ఆ సాయంత్రం గుంటూరు బ్రాడీపేట లైన్లలోని ఆడిటర్ల ఆఫీసుల్లో వినపడే మాట "సర్వర్ స్లోగా ఉంది". ఆ నిందలో కొంత ప్రభుత్వ పోర్టల్‌కి చెందుతుంది, దాని విషయంలో మనం చేయగలిగింది లేదు. మిగతాది మెట్ల కింద అరలోనో, ఏసీ గది మూలనో కూర్చున్న నాలుగు డిస్కుల పెట్టెది. నాస్ అని పిలిచేది దాన్నే. ఒకచోట ఉండి, నెట్‌వర్క్ మీద అందరికీ ఫైళ్లు అందించే నిల్వ యంత్రం అది. ఆడిటర్‌కి ట్యాలీ డేటా, స్కానింగ్ సెంటర్‌కి సీటీ బొమ్మలు, స్టూడియోకి పెళ్లి వీడియోలు దాంట్లోనే ఉంటాయి. అది నెమ్మదించగానే పుట్టే మొదటి ప్రశ్న "డిస్కు నిండిందా?" నిండలేదని తేలితే "ఇక కొత్తది కొందాం" అంటారు. నిండుదల చూసి గానీ, పెట్టె మీద రాసిన వేగం చూసి గానీ ఈ యంత్రం ఆరోగ్యం చెప్పలేం. ఒక్కో రిక్వెస్టు ఎంతసేపు ఆగిందో, ఆ ఆగడం నిన్నటికీ ఇవాళ్టికీ ఎలా మారిందో చూడాలి. ఈ సంగతి తెలిసిరావడానికి ఆ యంత్రాన్ని తయారుచేసినవాళ్లకే అర్ధ శతాబ్దం పట్టింది.

కథ 1956లో ఐబీఎం ర్యామాక్‌తో మొదలవుతుంది. 24 అంగుళాల వెడల్పున్న పళ్లేలు 50, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు, ఇవాళ్టి లెక్కలో నాలుగు మెగాబైట్లకి లోపే. ఒక అక్షరాన్ని వెతికి పట్టుకోడానికి సగటున 600 మిల్లీసెకన్లు తీసుకునేది. ఇప్పుడు మార్కెట్లో దొరికే 20 టెరాబైట్ల డిస్కు దానికన్నా 50 లక్షల రెట్లకి పైగా ఎక్కువ పడుతుంది. మరి వెతుకులాట మాటేమిటి? నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కులో ఒక చుట్టుకి 8.33 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చదివే తల కిందికి రావడానికి సగటున అందులో సగం. తల పక్కకి జరగడానికి మరో ఎనిమిది దాకా. అంతా కలిపి 12 మిల్లీసెకన్ల పైమాటే. అంటే నిల్వ 50 లక్షల రెట్లు పెరిగితే, నిరీక్షణ యాభయ్యో వంతుకి తగ్గింది, అంతే. చక్రం తిరగాలి, తలని మోసే చెయ్యి కదలాలి. ఆ భౌతికశాస్త్రాన్ని ఏ కంపెనీ దాటలేకపోయింది. అలా విడివిడిగా అడిగితే ఒక డిస్కు సెకనుకి ఇవ్వగలిగిన జవాబులు సుమారు ఎనభై, అంతే. కొనేటప్పుడు ఈ అంకెని ఎవరూ అడగరు.

తర్వాతి నాలుగు దశాబ్దాల్లో డిస్కు ఒక కంప్యూటర్ సొత్తుగా ఉండడం మానేసింది. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతి తెచ్చి వేరే యంత్రంలోని ఫైలుని సొంత ఫైలులా తెరిచే వీలు కల్పించింది. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ చవక డిస్కులని జట్టుగా కట్టే రెయిడ్ పద్ధతిని ప్రతిపాదించారు. 1992లో పుట్టిన నెట్‌యాప్ లాంటి కంపెనీలు ఫైళ్లు పంచడం తప్ప మరో పని లేని పెట్టెలని అమ్మాయి. ప్రతి అడుగూ సౌకర్యమే, ప్రతి అడుగులోనూ ఆగాల్సిన చోటు ఒకటి పెరిగింది. రెయిడ్ 5లో చిన్న ముక్క రాయాలన్నా పాత డేటా చదవాలి, పాత పారిటీ (డిస్కు పోతే డేటాని తిరిగి కట్టడానికి దాచే లెక్క) చదవాలి, రెండూ మళ్లీ రాయాలి. ఒక రాత నాలుగు పనులయింది.

ఇది స్కానింగ్ సెంటర్‌లో ఎలా కనిపిస్తుందో లెక్క వేసి చూడొచ్చు. సీటీ బొమ్మలో ఒక పొర 512 చుక్కలు అడ్డం, 512 చుక్కలు నిలువు, చుక్కకి రెండు బైట్లు. అంటే అర మెగాబైటు. 600 పొరల స్కాన్ అంటే 300 మెగాబైట్లు. గిగాబిట్ తీగ మీద సెకనుకి 110 మెగాబైట్లు వెళ్తాయనుకుంటే మూడు సెకన్ల లోపు డాక్టరు ముందు బొమ్మ పడాలి. కానీ అవి 600 విడి ఫైళ్లు. సాఫ్ట్‌వేర్ ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ, ఒక్కోదానికి 20 మిల్లీసెకన్లు పడితే 12 సెకన్లు అవుతుంది. 200 మిల్లీసెకన్లు పడితే రెండు నిమిషాలు. ఇప్పుడు నెట్‌వర్క్ గ్రాఫు చూడండి. మొదటి సందర్భంలో సెకనుకి 25 మెగాబైట్లు, రెండో దాంట్లో రెండున్నర. డాక్టరు తల పట్టుకున్న రోజున గ్రాఫు మరింత ఖాళీగా కనిపిస్తుంది! "లోడేమీ లేదండీ, అంతా బాగానే ఉంది" అని టెక్నీషియన్ చెప్పేది అబద్ధం కాదు, చూడకూడని అంకె చూసి చెప్పిన నిజం.

ఆగడం ఎందుకు పెరుగుతుందో గుంటూరు మిర్చి యార్డు తెలిసినవాళ్లకి విడమరచి చెప్పనక్కరలేదు. సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) విపరీతంగా దిగితే యార్డుకి సెలవులు ప్రకటించి, ఉన్న సరుకు కాటా వేసి పంపేదాకా కొత్త సరుకు రానివ్వరు. అక్కడ రైతు ఆగేది చోటు చాలకే కాదు, కాటాలూ హమాలీలూ పని ముగించే వేగానికన్నా లారీలు వచ్చే వేగం ఎక్కువై. ఈ లెక్కని 1909లో డెన్మార్క్ ఇంజినీరు ఎర్లాంగ్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ కోసం మొదలుపెట్టాడు. వరసలో ఉన్నవాళ్ల సంఖ్య, వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు గడిపే కాలంతో గుణిస్తే వచ్చేదానికి సమానమని 1961లో జాన్ లిటిల్ నిరూపించాడు. రిక్వెస్టులు ఎడాపెడా వస్తూ జవాబిచ్చేది ఒక్కటే అయితే, డిస్కు సగం తీరిక లేకుండా ఉన్నప్పుడు పనికి రెట్టింపు సమయం పడుతుంది. 80 శాతం దగ్గర ఐదు రెట్లు, 90 దగ్గర పది రెట్లు. 12 మిల్లీసెకన్ల పని 120 అవుతుంది. నాలుగు డిస్కులూ, మధ్యలో క్యాషే మెమరీ ఉన్న పెట్టెలో అంకెలు ఇవే రావు, నిజమే. గీత ఆకారం మాత్రం ఇదే: చాలాసేపు చదునుగా సాగి ఒక్కసారి పైకి లేస్తుంది. అందుకే "90 శాతం వాడుతున్నాం, ఇంకా పది ఖాళీ" అనే మాట నిల్వ చోటు గురించి అయితే సరే, డిస్కు శ్రమ గురించి అయితే ప్రమాదం.

ఇన్ని తెలిసీ చాలాకాలం సరైన అంకె చూడకపోవడానికి కొలిచే పనిముట్ల తప్పూ ఉంది. నెట్‌వర్క్ పరికరాలని దూరం నుంచి అంకెలు అడిగే ఎస్‌ఎన్‌ఎంపీ 1988లో వచ్చింది. 1990ల మధ్యలో టోబియాస్ ఓటికర్, ఇంగ్లండ్‌లోని డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయంలో 64 కిలోబిట్ల ఇంటర్నెట్ లైను ఎంత నిండుతోందో చూడటానికి ఎంఆర్‌టీజీ అనే ప్రోగ్రాము రాశాడు. ఐదు నిమిషాలకోసారి అంకె తీసుకుని గ్రాఫు గీసేది. 1999లో ఆయనే ఇచ్చిన ఆర్‌ఆర్‌డీటూల్, పాత అంకెలని సగటుగా కుదించి ఫైలు ఎప్పుడూ పెరగకుండా చూసింది. గ్రాఫులు చూసే అలవాటు లోకానికి నేర్పిన ఓటికర్‌కి రుణపడి ఉండాల్సిందే. కానీ ఐదు నిమిషాల సగటు అనే అలవాటూ దాంతోనే అంటుకుంది. ఆ ఐదు నిమిషాల్లో 6000 రిక్వెస్టులు వచ్చాయనుకుందాం. 5940 ఐదేసి మిల్లీసెకన్లలో అయిపోయాయి, 60 మాత్రం సెకను చొప్పున ఆగాయి. సగటు 15 మిల్లీసెకన్లు. గ్రాఫులో చీకూచింతా లేదు. నూటికి ఒకటి ఆగితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. పై సీటీ స్కాన్‌కే వర్తింపజేయండి: 600 ఫైళ్లలో ఆరు ఇరుక్కుంటాయి, ఆరు సెకన్లు. మిగతా 594కి కలిపి మూడు సెకన్లు. డాక్టరు ఆగిన తొమ్మిది సెకన్లలో మూడింట రెండు వంతులు ఆ ఒక్క శాతం వల్లే. 2013లో గూగుల్‌కి చెందిన డీన్, బరోసో ఇదే విషయాన్ని పెద్ద స్థాయిలో చూపించారు: ఒక్కో సర్వర్ నూటికి ఒక్కసారే ఆలస్యమైనా, నూరు సర్వర్ల జవాబులు కలిస్తే గానీ తయారవని పేజీ నూటికి 63 సార్లు ఆలస్యమవుతుంది.

సగటుని పక్కన పెట్టి ఒక్కో రిక్వెస్టు ఆగిన కాలాన్ని చుక్కలుగా తెర మీద పరిచే పద్ధతి 2008లో సన్ కంపెనీ 7000 శ్రేణి నిల్వ పెట్టెలతో అమ్మకానికి వచ్చింది. ఆ ఏడాది చివర బ్రెండన్ గ్రెగ్ అనే ఇంజినీరు చేసిన వీడియో చూసి తీరాల్సిందే. డేటా సెంటర్లో డిస్కుల వరస ముందు ముఖం పెట్టి గట్టిగా అరుస్తాడు. తెర మీద కింద పొరలా నిలకడగా ఉన్న చుక్కల్లోంచి కొన్ని ఒక్కసారి పైకి ఎగురుతాయి. గొంతు కంపనానికి తల గాడి తప్పి, మళ్లీ సర్దుకునేదాకా ఆ రిక్వెస్టులు ఆగాయి. డిస్కు చెడిపోలేదు, నిండలేదు, ఎర్రదీపం వెలగలేదు. ఆగిన కాలం తప్ప ఇంకే అంకె చూసినా ఆ సంఘటన జరిగినట్టే తెలియదు. మనదగ్గర డిస్కుల మీద అరిచేవాళ్లు లేరు గానీ, జనరేటర్‌కి ఆనుకున్న గోడకి ర్యాకు బిగించేవాళ్లు ఉంటారు.

ఎస్‌ఎస్‌డీలు వచ్చాక ఈ గొడవంతా ఎందుకన్నది సహజమైన ఆక్షేపణ. తిరిగే చక్రం లేదు, జవాబు మిల్లీసెకనులో చిన్న భాగంలో వస్తుంది. కానీ వాటిలోని ఫ్లాష్ మెమరీలో రాసినచోట నేరుగా తిరగరాయలేం. ముందు పెద్ద బ్లాకు మొత్తం చెరపాలి. ఆ శుభ్రం చేసే పని నడుస్తున్నప్పుడు తగిలిన రిక్వెస్టు మామూలుకన్నా ఎన్నో రెట్లు ఆగుతుంది. సగటు అద్భుతం, అలా ఆగిన కొద్ది రిక్వెస్టుల కొస మాత్రం పొడవు. అంటే ఎస్‌ఎస్‌డీ వచ్చాక ఆ కొసని చూడాల్సిన అవసరం పెరిగింది. పైగా డిస్కు వేగం పెరిగేసరికి ఇరుకు నెట్‌వర్క్‌కో, పెట్టెలోని చిన్న ప్రాసెసర్‌కో మారుతుంది. అంకె లేకుండా అది ఎక్కడికి మారిందో చెప్పలేం.

క్లౌడ్‌లో పెడితే ఈ బాధ వాళ్లదే కదా అనేవాళ్లూ ఉన్నారు. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో కూడా తన కేంద్రం తెరిచింది, దూరమన్న సాకూ తగ్గింది. అయినా అక్కడి పాత తరం జీపీ2 డిస్కు సంగతి చూడండి. 100 గిగాబైట్లు తీసుకుంటే సెకనుకి 300 పనులు హక్కు. పొదుపు ఖాతాలా జమైన క్రెడిట్ ఉన్నంతసేపు 3000 దాకా ఇస్తారు. నిండు ఖాతాతో మొదలుపెట్టి ఆపకుండా వాడితే అరగంట కాస్త దాటేసరికి క్రెడిట్ అయిపోయి వేగం పదో వంతుకి పడుతుంది. ఆ ఖాతా నిల్వని వాళ్లు చూపిస్తూనే ఉంటారు. చూడనివాళ్లే క్లౌడ్ మోసం చేసిందంటారు.

అంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. ఎన్ని అంకెలు చూసినా డిస్కు చచ్చిపోవడాన్ని ముందే చెప్పలేం. 2007లో గూగుల్ లక్షకి పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనంలో, చెడిపోయిన వాటిలో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు హెచ్చరిక అంకెల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. ఇది ఒప్పుకోవాలి. గణాంకాలు బ్యాకప్‌కి బదులు కావు. అవి మరణాన్ని చెప్పవు, మందగమనానికి కారణం చెబుతాయి. రోజూ ఆఫీసు పని పాడుచేసేది ఆ మందగమనమే.

కారణం తెలియాలంటే చరిత్ర కావాలి. 40 మిల్లీసెకన్లు ఎక్కువా తక్కువా అన్నదానికి విడిగా జవాబు లేదు. ఇరవయ్యో తారీఖు సాయంత్రాన్ని పోయిన నెల ఇరవైతో పోల్చాలి, మామూలు మంగళవారంతో కాదు. మిర్చి సీజనూ ఆర్థిక సంవత్సరం ముగింపూ కలిసొచ్చే మార్చిని కిందటి మార్చితో పోల్చాలి. పోల్చి చూస్తే దొరికే దొంగ చాలాసార్లు పాత పెట్టె కాదు: పగలే మొదలవుతున్న బ్యాకప్పో, యాంటీవైరస్ స్కానో, ఒక డిస్కు పోయి రెయిడ్ తనంతట తాను మళ్లీ కట్టుకోవడమో. వాటికి మందు టైమ్‌టేబుల్ మార్చడం, లేదా ఒక్క డిస్కు మార్చడం. ఆ అంకెలు యంత్రం ఎలాగూ లోపల లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది. నిమిషానికోసారి అడిగి రాసుకోవడం దానికి బరువు కాదు. చాలా పెట్టెల్లో ఆ చరిత్ర దాచడం మనం టిక్ పెడితే గానీ మొదలవదు. కాబట్టి కొత్త పెట్టెకి కొటేషన్ అడగబోయే ముందు ఆ టిక్ పెట్టి, చదవడానికీ రాయడానికీ పడుతున్న కాలం, వరస పొడవు, డిస్కు శ్రమ శాతం కనీసం రెండు గడువు తేదీలు దాటేదాకా నమోదు చేయించండి. ఆ గ్రాఫు చూపించకుండా పెట్టె మార్చమనే సలహాకి డబ్బు కట్టకండి.