విదేశవాసమును నేరశిక్షయు

అమెరికా మాట వినబడని యిల్లు నేడు మనలో అరుదు. ఒకరి కుమారుడు టెక్సాసులో చదువుచుండును. ఒకరి కుమార్తె న్యూజెర్సీలో కాపురము చేయుచుండును. బిడ్డను దూరదేశమునకు పంపునపుడు మనము ఊరగాయజాడీ మూత బిగించుట మరువము. చలికి ఉన్నిదుస్తులు సర్దుట మరువము. కాని యొక చిన్ననేరము ఆ దేశమున వారి జీవితమునెట్లు మార్చివేయునో చెప్పి పంపువారు మిక్కిలి తక్కువ. నాకును ఈ సంగతి నిన్నమొన్నటివరకు తెలియదు. తెలిసికొన్న విధము విన్నవించెదను.

మా వీథిలోని యొక యిల్లాలు ఒకనాడు దీపములు పెట్టిన పిమ్మట కన్నీళ్లతో మా యింటికి వచ్చినది. ఆమె కుమారుడు పైచదువునకై అమెరికాకు వెళ్లి రెండేండ్లయినది. అచ్చట పెద్ద యంగళ్లలో, కొన్న వస్తువులకు మనమే లెక్క కట్టుకొని సొమ్ము చెల్లించు యంత్రములుండును. ఆ చిన్నవాడు కొన్ని వస్తువులకు లెక్క కట్టక సంచిలో వేసికొని వెలుపలికి పోబోగా కావలివారు పట్టుకొనిరట. పోలీసులు వచ్చి వ్రేలిముద్రలు తీసికొని, కోర్టుకు రమ్మని కాగితమిచ్చిరట. తోడి విద్యార్థి యొకడు, నేరమొప్పుకొని జరిమానా కట్టిన అంతటితో తీరునని సలహా చెప్పినాడట.

“వదినగారూ, జరిమానా ఎంతయినా సరే, అప్పు చేసి పంపుతాం. కట్టేస్తే అయిపోతుందంటారా? మాస్టారుగారినొక్క మాట అడిగి చెప్పండి” అని ఆమె నా చేతులు పట్టుకొన్నది.

నిజము చెప్పవలెనన్న, “కట్టివేయుడు, పీడ విరగడగును” అనుటకు నా నాలుక చివరివరకు వచ్చినది. మా వారు మాత్రము, “తెలియని సంగతి చెప్పరాదు, చదివి చెప్పుదము” అనిరి. ఆయన లెక్కలు చెప్పు ఉపాధ్యాయులే కాని న్యాయశాస్త్రవేత్తలు కారు. ఐనను అమెరికాశాసనములు ఎల్లరు చదువుకొనుటకు వీలుగా ప్రకటింపబడియున్నవి గనుక, మేమిరువురము మూడురాత్రులు కూర్చుండి చదివితిమి. చదివినకొలది నా నోటికి వచ్చిన మాట ఎంత ప్రమాదకరమైనదో బోధపడినది.

భారతమున శాంతిపర్వమందు శంఖలిఖితుల కథ కలదు. లిఖితుడు తన యన్న శంఖుని యాశ్రమమునకు వచ్చి, ఆయన లేని సమయమున అనుమతి లేకయే పండ్లు కోసికొని తినెను. అది చౌర్యమని శంఖుడు తమ్ముని సుద్యుమ్న మహారాజుకడకు పంపెను. రాజు క్షమింపబోయినను లిఖితుడు పట్టుబట్టి దండనము పొందెను. అతని చేతులు ఖండింపబడెను. పిదప అన్న యాజ్ఞచే బాహుదానదిలో స్నానమాడగా చేతులు మరల మొలిచెను. రాజదండనము పొందినవాడు శుద్ధుడగునని మన పెద్దల భావము. ఆ భావముతోనే మనము, జరిమానా కట్టిన పిమ్మట నేరము తీరిపోయినదని తలంతుము.

పరదేశీయుని విషయమున అమెరికాశాసనము అట్లు తలంపదు. అచ్చట నేరమునకు రెండు వాకిళ్లు కలవు. మొదటి వాకిట క్రిమినల్ కోర్టు శిక్ష విధించును. రెండవ వాకిట వలసాధికారులు ఆ శిక్షనే సాక్ష్యముగా గైకొని, ఈతడు మన దేశమున నుండదగినవాడా యని విచారింతురు. మొదటి వాకిట పది నిమిషములలో ముగిసిన వ్యవహారము రెండవ వాకిట ఇరువదియేండ్లకైనను మరల తలయెత్తును.

అచ్చట స్థిరనివాసహక్కు నొసగు పత్రమునే గ్రీన్‌కార్డు అందురు. ఉద్యోగముమూలమున పొందు గ్రీన్‌కార్డులు సంవత్సరమునకు సుమారు 1,40,000. అందును ఏ యొక్క దేశమువారికిని నూటికి ఏడు పాళ్లకు మించి సాధారణముగా దక్కవు. అందువలన మనదేశీయులు ఏండ్లతరబడి వేచియుండవలసివచ్చుచున్నది. తుదకు సమర్పించు ఐ-485 యను దరఖాస్తులో, ఎప్పుడైన నిర్బంధింపబడితిరా, నేరారోపణ పొందితిరా, శిక్షింపబడితిరా యని వరుసగా ప్రశ్నలుండును. వ్రేలిముద్రలును తీసికొందురు. కావున మరచితిననుటకు వీలులేదు.

అన్ని నేరములును ఒక్కటి కావు. నైతికపతనమును సూచించు నేరములను ఒక వర్గము 1891వ సంవత్సరపు శాసనమునుండియు అచ్చట నున్నది. 1952 నాటి వలసశాసనమందును అది నిలిచియున్నది. దొంగతనము, మోసము సాధారణముగా ఇందు చేరును. ఇట్టి నేరమునకు శిక్షపొందినవాడు గ్రీన్‌కార్డునకు అనర్హుడగును. అయితే ఒక మినహాయింపు కలదు: జీవితమున అట్టి నేరమొక్కటియే యై, దానికి శాసనమున విధింపదగిన గరిష్ఠశిక్ష ఒక సంవత్సరమునకు మించక, నిజముగా విధించిన శిక్ష ఆరుమాసములకు మించకున్నయెడల, ఆ యొక్కదానివలన అనర్హత కలుగదు. చేసిన పని యొక్కటియే యైనను రాష్ట్రమునుబట్టి గరిష్ఠశిక్ష మారును గనుక, ఒకచోట తప్పించుకొన్నవాడు వేరొకచోట చిక్కుకొనవచ్చును. రెండవమారు తప్పుచేసినవానికి ఈ మినహాయింపు లేనేలేదు.

‘శిక్ష’ యను మాటకును అచ్చట విశాలమైన యర్థము కలదు. 1996వ సంవత్సరపు శాసనముప్రకారము, నేరమును గాని దానికాధారమైన విషయములను గాని ఒప్పుకొని, న్యాయాధికారి ఏ కొంచెము దండనమో నిర్బంధమో విధించిన చాలును. తీర్పును నిలిపివేసినను అది వలసవిషయమున శిక్షయే. జైలుశిక్షను అమలు జరుపక ఆపివేసినను, విధించిన కాలమంతయు లెక్కకు వచ్చును. సత్ప్రవర్తనకు మెచ్చి రాష్ట్రపుకోర్టువారు పిదప ఆ నేరపుపత్రమును కొట్టివేసినను, వలసాధికారులకు అది సాధారణముగా నిలిచియే యుండును. ఇదియే ఆ తోడివిద్యార్థి యెరుగని సంగతి.

మత్తుపదార్థముల విషయము మరియు కఠినము. గంజాయిని అనేకరాష్ట్రములు అనుమతించినను కేంద్రశాసనము వేరు. వలసవ్యవహారములు కేంద్రశాసనమునకే లోబడియున్నవి. ముప్పదిగ్రాములకు మించని గంజాయిని స్వంతమునకై ఒక్కమారు దగ్గరనుంచుకొన్నవారు మాత్రమే క్షమాపణ కోరుకొనవచ్చును; అదియు దొరకునను నమ్మకము లేదు. మద్యము సేవించి బండి నడుపుట, ఇతరదోషములు చేరనపుడు, సామాన్యముగా నైతికపతనమునకు చేరదు. 2004లో అచ్చటి సుప్రీంకోర్టు అది దౌర్జన్యనేరముకూడ కాదనెను. ఐనను ఆ నేరమున పట్టుబడినంతమాత్రముననే వీసాలు రద్దయినవి కలవు. గ్రీన్‌కార్డు నొసగుట అధికారి విచక్షణకు లోబడినది గనుక, ఆతడు గుణదోషములన్నియు తూచిచూచును.

మన స్త్రీలు ముఖ్యముగా నెరుగవలసినది మరియొకటి కలదు. భార్యను కొట్టుట మనలో కొందరు ఇంటిగుట్టుగా దాచుదురు. అచ్చట 1996నుండి గృహహింసకై శిక్షింపబడిన పరదేశీయుని దేశమునుండి వెడలగొట్టవచ్చును. అందుచేత, “ఫిర్యాదుచేసిన ఆయన ఉద్యోగము, మన కాగితములు అన్నియు పోవును” అను భయముతో బాధలు సహించు స్త్రీలుందురు. ఆ భయము నిరాధారము కాదు. భర్త దరఖాస్తుపై ఆధారపడిన భార్య దరఖాస్తు దానితోడనే కూలును. కాని మార్గములు లేకపోలేదు. 1994వ సంవత్సరపు శాసనముచే, అమెరికా పౌరుని యొక్కయో గ్రీన్‌కార్డు గలవాని యొక్కయో భార్య, హింసకు గురియైనచో, భర్త సాయము లేకయే తానుగా దరఖాస్తు చేసికొనవచ్చును. నేరమునకు గురియై పోలీసులకు తోడ్పడినవారికి 2000వ సంవత్సరపు శాసనముచే ‘యు’ వీసా యొకటి యేర్పడినది. అది యేటికి 10,000 మందికే గనుక వేచియుండుట దీర్ఘము.

అనర్హులైన కొందరికి క్షమాపణమార్గము కలదు. నేరము జరిగి పదునైదేండ్లు గడచి, నడవడి చక్కబడినట్లు చూపగలిగినవారును, తాము వెడలగొట్టబడినచో పౌరులో స్థిరనివాసులో యైన భార్యకు, భర్తకు, తల్లిదండ్రులకు, బిడ్డలకు దుర్భరమైన కష్టము కలుగునని నిరూపించినవారును దానిని కోరవచ్చును. నేరమును దాచిపెట్టి అబద్ధమాడిన నేరముకంటె దాచుటయే పెద్దదోషమగును; ఆ కపటమే శాశ్వతమైన అనర్హత తెచ్చిపెట్టును.

గ్రీన్‌కార్డు వచ్చినంతమాత్రమున భయము తీరదు. హొసే పాడిల్లా యనునాతడు హోండురాసులో జన్మించి, నలువదియేండ్లకు పైగా అమెరికాలో స్థిరనివాసియై, వియత్నాము యుద్ధమున ఆ దేశపు సైన్యములో పనిచేసినవాడు. లారీలో గంజాయి తరలించిన నేరమున చిక్కినపుడు, ఇంతకాలమునుండి యున్నవానికి భయములేదని అతని వకీలు చెప్పగా నేరమొప్పుకొనెను. పిదప దేశబహిష్కారమునకు సిద్ధపడవలసివచ్చెను. 2010వ సంవత్సరము మార్చి 31వ తేదీన సుప్రీంకోర్టు, నేరమొప్పుకొనక పూర్వమే దేశబహిష్కారభయమును కక్షిదారునకు తెలుపుట వకీలు విధియని తీర్పుచెప్పెను. ఈ తీర్పువలన కలిగిన మేలు గొప్పది. కాని అడుగువాడుండిననే అది పనికివచ్చును.

మేము చదివినదంతయు పొరుగామెకు చెప్పి, నేరవ్యవహారములును వలసశాసనమును రెండును తెలిసిన న్యాయవాదిని చూచుకొనక ఏ కాగితముపైనను సంతకము చేయవద్దని కుమారునితో చెప్పించితిమి. అతడట్లే చేసెను. తొలితప్పగుటచే, నేరమొప్పుకొనకయే కొన్నాళ్లు తరగతులకు పోయి, ప్రజాసేవ చేయునట్లు ఏర్పాటైనది. గడువు తీరగా కోర్టువారు అభియోగమును కొట్టివేసిరి.

ఆ వార్త విన్ననాడు ఆమె సంతోషింపక, “అయితే ఇక ఎక్కడా రాయక్కరలేదు కదండీ?” అని యడిగినది. వ్రాయవలెననియే చెప్పితిని. పట్టుబడిన మాట నిజము గనుక ప్రతి దరఖాస్తులోను, కోర్టుకాగితముతో సహా, దాచక చూపవలసియుండును. ఆమె కొంతసేపు మాటాడక, “వాడు తీసిన వస్తువుల ఖరీదు మనం ఇక్కడ నెలకి పాలవాడికిచ్చేంత లేదు వదినగారూ” అన్నది. నాకు బదులు తోచలేదు.

సోదరీమణులారా! బిడ్డలు తప్పుచేయరాదని చెప్పుట మన మొదటి ధర్మము. పరుల సొమ్ము తృణమైనను తీయరాదని మనము నేర్పనిది ఎవరు నేర్పుదురు? రెండవ ధర్మమును మరువకుడు. తప్పు జరిగినచో ఇంటికి చెప్పుటకు వెరవవలదని, తొందరపడి ఒప్పుకొనవలదని, ఏనాడును దాచవలదని ముందే చెప్పి పంపుడు. ఆ చిన్నవాడు తల్లికి ఆ రాత్రియే టెలిఫోను చేయకున్నచో, మరునాడు ఆ సంతకము చేసియుండెడివాడే.