తాడు తెగకముందే మాట తెలియాలి

బరువులెత్తే యంత్రాల పుస్తకాలను ఇంగ్లీషు నుంచి ఫ్రెంచిలోకి మారుస్తానంటే, మా ఇంద్రేశంలో పక్కింటి అమ్మాయి "గదేం పని అక్కా?" అని నవ్వింది. నిజానికి అందులో మనకు కొత్తేమీ లేదు. బావి మీది గిలకే ఇంగ్లీషులో పుల్లీ, ఫ్రెంచిలో 'పూలీ'. తాడును చుట్టుకుంటూ బరువును లాగేది వించి.

చిక్కంతా 'బ్రేకింగ్' దగ్గరే! తెలుగులో ఒకేలా రాసే ఈ మాట ఇంగ్లీషులో రెండు. ఒకటి బ్రేకు వేయడం, ఇంకోటి తెగిపోవడం. ఫ్రెంచిలో మొదటిది 'ఫ్రెనాజ్', రెండోది 'రుప్త్యూర్'. బ్రేకింగ్ లోడ్ అంటే తాడు తెగిపోయే బరువు. భద్రంగా ఎత్తదగినది అందులో చిన్న వంతే, ఇనుప తాడుకు సాధారణంగా ఐదో వంతు. రెండూ తారుమారైతే కింద నిలబడ్డ మనిషి గతేం కాను?

ఫ్రాన్సులో అమ్మే వస్తువు వాడకం సూచనలు ఫ్రెంచిలో ఉండాలని 1994లో చట్టం చేశారు. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమూ ఎత్తదగిన బరువును యంత్రం మీద రాయమంది. రాస్తే సరిపోతుందా? చదివేవాళ్లకు అర్థం కావద్దూ! పటాన్‌చెరు షెడ్లలో తెలుగువాళ్లే కాదు, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లూ పనిచేస్తారు.

మీ ఇంట్లో ఎవరైనా అలాంటి పనికి వెళ్తుంటే, యంత్రం మీది అంకె ఎత్తే బరువా, తెగే బరువా అని ఈ రోజే అడిగి తెలుసుకోమనండి.