ఏడ నొక్కాలె?

ఫుడ్ డెలివరీ యాప్‌కు కొత్త రంగులు పూసిన పోర్ట్‌ఫోలియోలు నా మెయిల్‌కు వస్తూనే ఉంటాయి. గుండ్రటి మూలల బటన్లు, పొగలు కక్కే బిర్యానీ ఫొటో, కింద ‘యూజర్ల సమస్యను పరిష్కరించాను’ అని ఒక వాక్యం. ఆ యూజరు ఎవరమ్మా అని ఇంటర్వ్యూలో అడిగితే జవాబుండదు. ఇంకాస్త తరచి అడిగితే హాస్టల్లో రూమ్మేట్‌కి చూపించామని, బాగుందన్నాడని చెబుతారు. రూమ్మేట్ బాగుందనక ఏమంటాడు?

నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లోని లాలాపేట్‌లో. ఇప్పుడూ ఉంటున్నది ఇక్కడే. పొద్దున తార్నాకలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీలో దిగుతాను. అక్కడో కంపెనీలో యూఎక్స్ డిజైనర్ని, కొత్తవాళ్ళను ఎంపిక చేసే పని కూడా నాదే. ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలకు నేను చెప్పేది ఇదీ: సాఫ్ట్‌వేర్ ఎలాగూ నేర్చుకుంటారు, ముందు తెర ముందు మనిషి ఎక్కడ తడబడుతున్నాడో చూడటం నేర్చుకోండి. అందుకు హైటెక్ సిటీ కంటే లాలాపేటే మంచి చోటు.

యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్. ఈ మాటకు ప్రచారం తెచ్చినాయన డాన్ నార్మన్. 1993లో యాపిల్‌లో చేరినప్పుడు తన హోదాకే ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్ ఆర్కిటెక్ట్’ అని పేరు పెట్టుకున్నారు. అంతకుముందే, 1988లో వచ్చిన ఆయన పుస్తకంలో తలుపుల గొడవ ఉంటుంది. నెట్టాలో లాగాలో తెలియని తలుపు ముందు మనిషి తికమకపడితే తప్పు ఆ మనిషిది కాదు, తలుపు అలా చేసినవాళ్ళది అంటారాయన. ఈ సంగతి మా నాన్నకు చెబితే నవ్వారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో బోగీల తలుపులు, గడియల మీద పనిచేసి రిటైరైన మనిషి. “దీనికి పుస్తకం రాయాల్నా? చీకట్ల లేచి బాత్రూంకు పోయే ముసలాయన చేతికి గడియ తగలాలె, అంతే. తగలకపోతే విరగ్గొడ్తడు. అది మల్ల మా షాపుకే వస్తది” అన్నారు.

యూఐ వేరు, యూఎక్స్ వేరు. కంటికి కనిపించే రంగులు, అక్షరాలు, బటన్లు యూఐ. ముందు ఏం అడగాలి, తర్వాత ఏం అడగాలి, అసలు అడగకుండా గడిచిపోయేదేమిటి, తప్పు జరిగితే ఎలా చెప్పాలి అన్న నిర్ణయాలు యూఎక్స్. వాడేవాళ్ళతో మాట్లాడటం, వాళ్ళు నడిచే దారిని కాగితం మీద గీయడం, కచ్చా నమూనా తయారుచేసి వాళ్ళ చేతికిచ్చి చూడటం, చివరికి ఇంజినీర్లకు అప్పగించి వాళ్ళతో వాదించడం, ఇదంతా ఈ పనిలోకే వస్తుంది. ఉద్యోగ ప్రకటనల్లో మాత్రం రెండూ కలిపి ‘యూఐ యూఎక్స్’ అని రాస్తారు. పనులు రెండైనా జీతం ఒకటే!

ఈ పనికి తెలుగువాళ్ళకు దగ్గరి ఉదాహరణ బస్సు టికెట్ల రెడ్‌బస్. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి ఫణీంద్ర సామాకు బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఎక్కడ సీటు ఖాళీగా ఉందో ఏ ఒక్క ట్రావెల్ ఏజెంటుకూ పూర్తిగా తెలియదని అప్పుడే ఆయనకు అర్థమైంది. 2006లో స్నేహితులతో కలిసి రెడ్‌బస్ మొదలుపెట్టారు. బస్సు లోపలి సీట్లను ఫోన్లో చూసి కిటికీ పక్కది ఎంచుకోవడం ఇవాళ మనకు మామూలైపోయింది. ఆయన డిజైనర్ కాదు, ఇంజినీరు. కానీ ఏజెంటు కౌంటర్ దగ్గర నిలబడి ఇబ్బందిని గమనించడమే మా పనిలో మొదటి మెట్టు. దాన్నే మేము ‘యూజర్ రీసెర్చ్’ అని పెద్ద పేరుతో పిలుచుకుంటాం.

ఆ రీసెర్చ్ ఎలా ఉంటుందో మా వీధిలోనే చూడండి. బ్లౌజులు కుట్టే ఒక ఆంటీ ఉన్నారు. చిన్న వ్యాపారులకు అప్పిచ్చే యాప్ ఒకదానికి నమూనా తయారవుతున్న రోజుల్లో, అది ఆమె చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. మొదటి తెర మీద భాషల జాబితా. అందులో ‘తెలుగు’ అన్నది ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది. ఇంగ్లిష్ రాదనే కదా ఆమెకు తెలుగు కావాల్సింది! పైకీ కిందికీ జరిపి, “ఏడ నొక్కాలె బిడ్డా?” అని నా మొహం చూశారు. ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది ఆ క్షణంలో నోరు మూసుకోవడం. చెయ్యి పెట్టి చూపించామా, పరీక్ష అక్కడితో చెడినట్టే. “మీకేమనిపిస్తుంది ఆంటీ?” అని మాత్రం అడగాలి.

ఎలాగో దాటారు. తర్వాత పుట్టిన తేదీ. పెట్టె ముట్టుకోగానే ఈ నెల క్యాలెండర్ తెరుచుకుంది. ఆమె పుట్టింది 1971లో. బాణం గుర్తు నొక్కితే ఒక నెల వెనక్కి. మళ్ళీ నొక్కితే ఇంకో నెల. పైనున్న సంవత్సరం అంకెను నొక్కితే ఏళ్ళ జాబితా వస్తుందని ఆమెకు ఎవరు చెప్పాలి? మిషన్ మీద చెయ్యి ఆనించి ఓపిగ్గా నొక్కుతూనే ఉన్నారు. 2019 దగ్గర ఆగి, “నేను పుట్టినకాడికి పొయ్యేసరికి సచ్చేటట్టున్న” అన్నారు. ఇద్దరం నవ్వాం. చివరికి పూర్తిచేస్తే పెట్టె అంచు ఎర్రబడింది. “ఎర్రగైంది, నేనేమన్న తప్పు చేసిన్నా?” అని ఫోన్ నా చేతిలో పెట్టేశారు. తర్వాతి నమూనాలో క్యాలెండర్ తీసేసి రోజు, నెల, సంవత్సరం అని మూడు పెట్టెలు పెట్టి, అంకెల కీబోర్డు వచ్చేలా చేశాం. పెట్టె ఎర్రబడితే ఎందుకో, ఏం చెయ్యాలో కిందే తెలుగులో రాశాం.

ఇందుకు వేలమంది అక్కర్లేదు. ఐదుగురితో పరీక్షిస్తే ఇబ్బందుల్లో చాలావరకు బయటపడతాయని, అవి సరిచేసి మళ్ళీ ఇంకో ఐదుగురితో చూడమని ఈ రంగంలో నిపుణుడైన జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. దాని మీద వాదాలు లేకపోలేదు గానీ, నేర్చుకునేవాళ్ళకు ఆ లెక్క బంగారం. ఐదుగురు మనుషులు లాలాపేట్‌లో ఎక్కడైనా దొరుకుతారు. విజయ డెయిరీకి వచ్చిపోయేవాళ్ళు, ఆటో స్టాండ్ అన్నలు, తార్నాక మెట్రో గేటుకు చేరకముందే క్యూఆర్ టికెట్ తెరిచి పట్టుకునే కాలేజీ పిల్లలు. ముందు అనుమతి అడగండి, పేరు రాసుకోవద్దు, టీ ఇప్పించండి.

తెలుగు తెలిసిన డిజైనర్‌కు ఇంకో బలం ఉంది. చాలా యాప్‌ల కొలతలన్నీ ఇంగ్లిష్ అక్షరాన్ని బట్టి వేసినవి. మనకు పైన గుడులుంటాయి, కింద వత్తులుంటాయి. ‘రాష్ట్రం’ రాస్తే కిందున్న వత్తులు వరస గీతకు తగిలి తెగిపోతాయి. వరసల మధ్య ఖాళీ పెంచాలి, అక్షరం ఒక అంకె పెద్దది చెయ్యాలి, బటన్ వెడల్పు దగ్గర పట్టుదలకు పోకూడదు. 2018 ఫిబ్రవరిలోనైతే ‘జ్ఞా’ ఒక ప్రత్యేక కూర్పులో ఉన్న మెసేజ్ తెరిస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ కొద్ది రోజుల్లోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మన లిపితో నిజంగా పరీక్షించి చూసేవాళ్ళు ప్రతి టీమ్‌లో ఉండాలని ఆ రోజుల్లో చాలామందికి తట్టింది.

ఇక చదువు సంగతి. డిగ్రీ తర్వాత ఐఐటీల్లాంటి చోట్ల డిజైన్‌లో మాస్టర్స్ చేయాలంటే ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష రాయాలి, ఇంటర్ తర్వాతైతే యూసీడ్. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. ఎన్‌ఐడీకి ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక సంస్థ ఉంది, ప్రవేశ పరీక్ష వేరు. వీటిలో సీటు రాకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. నాతో పనిచేసేవాళ్ళలో బీటెక్‌లు, టెస్టింగ్ నుంచి వచ్చినవాళ్ళు, ఒకప్పుడు కాల్ సెంటర్లో తిట్లు తిన్నవాళ్ళు ఉన్నారు. ఆ చివరివాళ్ళంటే నాకు ప్రత్యేకమైన గురి. కస్టమర్ ఎక్కడ ఇరుక్కుంటాడో వాళ్ళకు చెవుల్లో మోగుతూ ఉంటుంది. తెరలు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మా నేర్చుకోవడానికి లక్షలు పోయనక్కర్లేదు, మొదలుపెట్టేవాళ్ళకు అది ఉచితమే. ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ బోర్డు పెట్టిన కోర్సులో చేరేముందు అక్కడ చదివినవాళ్ళ పోర్ట్‌ఫోలియోలు నాలుగు అడిగి చూడండి. నాలుగూ ఒకేలా ఉంటే డబ్బు దాచుకోండి.

ఇప్పుడు రెండు వాక్యాలు టైపు చేస్తే ఏఐ తెరలు గీసి ఇస్తోంది. బటన్లు పేర్చడమే పనిగా పెట్టుకున్నవాళ్ళకు ఇది గడ్డుకాలమే, దాచడం ఎందుకు? ఏ తెర అవసరమో, ఏది అనవసరమో తేల్చేవాళ్ళతో మాత్రం పని పెరిగింది.

ఈమధ్య ఒక అబ్బాయి ఇంటర్వ్యూకు వచ్చాడు. నాచారంలో జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపులో పనిచేశాడట. పోర్ట్‌ఫోలియోలో అందం అంతంత మాత్రం. దాంతోపాటు ఒక నోట్‌బుక్ తెచ్చాడు. షాపుకొచ్చినవాళ్ళు ఏ గడి దగ్గర ఆగారు, ఏం అడిగారు, ఏ కాగితం మరిచిపోయి తిరిగెళ్ళారు, అన్నీ అందులో రాసుకున్నాడు. ఎక్కువసార్లు కనిపించింది ఫొటో గొడవ. ఫోన్లో తీసిన ఆధార్ ఫొటో సైజు పెద్దదని ఫారం తీసుకోదు, 200 కేబీలోపు కావాలంటుంది.

“సైజు తగ్గించినందుకు పది రూపాయలు తీసుకునేవాణ్ణి మేడమ్. ఆ ఫారమే తగ్గించుకుంటే నా పది రూపాయలు పోతాయి” అన్నాడు.

రంగుల ఎంపిక నేర్పించవచ్చులే అని మా మేనేజర్‌ను ఒప్పించాను. వారంలోనే చేరాడు. ప్రస్తుతం అప్‌లోడ్ తెర పని మీదే ఉన్నాడు. ఫొటో సైజు ఫోన్లో తగ్గించాలా, సర్వర్‌లో తగ్గించాలా అని ఇంజినీర్లతో వాదన ఇంకా తెగలేదు.